నల్లకాగితం చుట్టిన బీకరు

అద్దకం మిల్లు వదిలే నీళ్ల మీద మూడేళ్లుగా పరిశోధన చేస్తున్న చెల్లెలిని భోజనానికి పిలుద్దామని అక్క ల్యాబ్‌కి వచ్చింది.

“చూడక్కా! నీలం నీళ్లలో ఈ పొడి కలిపి దీపం కింద పెట్టాను. వెలుగు తగిలితే పొడి రంగుని ముక్కలు చేసేస్తుంది. నీళ్లెంత తేటగా ఉన్నాయో! రేపే మిల్లువాళ్లకి చూపిస్తున్నాం.”

“నల్లకాగితం చుట్టిన ఆ బీకరేమిటే?”

“అందులోనూ అవే నీళ్లు, అదే పొడి. వెలుగు లేకపోతే రంగు పోదని చూపించడానికి.”

“విప్పి చూశావా?”

“చూసేదేముంది? నీలంగానే ఉంటుంది.”

“అయినా విప్పు.”

చెల్లెలు కాగితం విప్పింది. ఆ నీళ్లూ తేటగానే ఉన్నాయి.

“ఇదేంటక్కా, దీపం లేకుండానే...”

“సీసాలో పొడి తెల్లగా ఉంది. రెండు బీకర్ల అడుగునా నీలంగా ఉందేం? గచ్చు తుడిస్తే మరక గుడ్డకెక్కినట్టుందే నీ పని.”

“అంటే రంగు చావలేదు. పొడికి అంటుకుందంతే.”

“ఆ సంగతి మిల్లువాళ్లకి తెలుస్తుందా?”

“తెలీదు. నా మాట నమ్మి రంగు పట్టిన పొడితో సహా నీళ్లని కాలవలోకి వదిలేస్తారు.”

చెల్లెలు ఫోను అందుకుని తన గైడుకి చేసింది.

“సార్, రేపు మిల్లువాళ్లని రావద్దనండి. చీకట్లో పెట్టిన బీకరు నేనివాళే విప్పి చూశాను.”