నవ్వే బిడ్డకు జోల

పలాస స్టేషనులో మద్రాసు మెయిలు కోసం భార్యాభర్తలు బెంచీ మీద కూర్చున్నారు. అతను మద్రాసులో రికార్డులకు పాటలు రాస్తాడు. ఈసారి ఆమెను వెంట తీసుకెళ్లడానికే వచ్చాడు. ఆమెకు మాత్రం బండెక్కాలని లేదు.

"ఇన్నాళ్లూ రాయడమే నా పని. ఈ రికార్డు మొత్తం నన్నే తయారు సెయ్యమన్నారు. ఎవరిసేత పాడించాలో కూడా నా ఇష్టమే."

"అక్కడ పాడీవోళ్లే నేరా మావా?"

"ఉన్నారు. కానీ ఇది మన బిడ్డ జోల, మన గుంటడిది. నువ్వే పాడాల."

"ఆడు పోయిన కాడినుంచీ నాను గొంతిప్పనేదు."

"తెలుసే. అందుకే అడుగుతన్నాను."

"ఏటి రాసినావు? సదువు."

అతను జేబులోంచి కాగితం తీసి మెల్లగా చదివాడు. పాటలో తల్లి జోల పాడుతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతాడు.

"అబద్దం రాసినావు."

"ఏటబద్దం?"

"నాను పాడితే ఆడెప్పుడు నిద్దరోయినాడు? నా నోట్లో యేలెట్టి నవ్వీవోడు. నువ్వు మద్రాసులో ఉండిపోనావు, నీకేటి తెలుసు?"

అతను కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"నాకు తెలీదే," అన్నాడు. "నువ్వు సెప్పు, రాత్తాను."

దూరంగా రైలు కూసింది. తడిసిన అతని కళ్లను ఆమె కొంగుతో తుడిచి, సంచీ అందుకుంది.

"బండెక్కినాక సెప్తాను. పద మావా."