ఆ పంపు ఎవరు బిగించారు

ఇంగ్లాండులోని లడ్లో ఊరి చివర, ఆల్విన్ ప్రాసర్ పాత కార్లు బాగుచేసే షెడ్డు. లెనర్డ్ గార్బెట్ తన కారుతో సహా కాలిపోయి ఆరు వారాలైంది. ఆ మధ్యాహ్నం అతని భార్య ఎనిడ్ వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"టీ వద్దన్నానుగా, ఆల్విన్. అడిగినదానికి చెప్పు. మా కారుకి ఆ ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు ఎవరు బిగించారు?"

"నేనే, ఎనిడ్ గారూ. చెప్పాను కదా."

"ఎప్పుడు?"

"మొన్న... సెప్టెంబరులో."

"సెప్టెంబరంతా మోకాలికి కట్టుతో మంచం మీదున్నావు. సూప్ తెచ్చిపెట్టింది నేనే."

"అయితే అక్టోబరు. అక్టోబరే. తేదీలు నాకెక్కడ గుర్తుంటాయి!"

"అయితే అక్టోబరా! సరే. ఎనభై ఏళ్ళ నాటి కారు. దాంతోపాటు పుట్టిన పంపు ఉండగా ఇంకోటెందుకు?"

"చలికాలం పొద్దున్నే ఆ పాత పంపు పెట్రోలు లాగేది కాదండీ. ఇంజను తిప్పీ తిప్పీ బ్యాటరీ చచ్చేది. ఇదైతే తాళం తిప్పగానే టిక్ టిక్‌మంటూ... లెనర్డ్ గారే అడిగారు."

"లెనర్డ్ అడిగాడా? ఆ కారులో ఒక్క నట్టు మార్చనిచ్చేవాడు కాదు."

"ఈసారి ఒప్పుకున్నారు."

"ఎక్కడ పెట్టావు?"

"వెనకాల. ట్యాంకు పక్కన."

"ఏ వైపు?"

"ఎడమ... ఆగండి. కుడి. కుడివైపు. పొగగొట్టం ఎడమవైపు పోతుంది కదా, దాని వేడి తగలకూడదని."

"ఆలోచించి చెప్తున్నావు."

"వయసు మళ్ళిందమ్మా. ఆలోచించకపోతే నా పేరే గుర్తురాదు."

"నవ్వించకు. పోలీసుల తరఫున కారు చూసినాయన ఏమన్నాడో తెలుసా? గుంటలో పడ్డ దెబ్బ పెద్దదేం కాదట. ఇంజను వెంటనే ఆగిపోయిందట. పాత పంపే ఉంటే ఇంజనుతోపాటు అదీ ఆగేదట. ఇది కరెంటుది, ఆగలేదు. ఇంజను దగ్గర తెగిన గొట్టంలోంచి పెట్రోలు పోస్తూనే ఉంది. పోస్తూనే ఉంది, ఆల్విన్. కాలుతున్న పొగగొట్టం మీదికి."

"తెలుసు."

"దెబ్బ తగలగానే పంపుకి కరెంటు ఆపే స్విచ్చు ఒకటి ఉంటుందట. అరచేతిలో పట్టేంత."

"ఉంటుంది."

"నలభై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నావు. ఆ స్విచ్చు లేకుండా ఎవరికైనా పంపు బిగించావా?"

"మరిచిపోయాను."

"నువ్వా? బిగించిన క్లిప్పుని మళ్ళీ వెళ్ళి బిగించి వచ్చే మనిషివి, నువ్వు మరిచిపోయావా?"

"మరిచిపోయానంటున్నాగా! పోలీసులకి చెప్పమంటే చెప్తాను. షెడ్డు మూసెయ్యమంటే మూసేస్తాను."

"పోలీసులు అడగరు. లెనర్డే ఆ పంపు బిగించుకున్నాడనుకుని కాగితాలు మూసేశారు. నేను అడుగుతున్నాను. సెప్టెంబరంతా మా అమ్మాయి బెతన్ గోళ్ళ కింద ఆ నల్లటి మడ్డి ఎక్కడిది? నాన్న పుట్టినరోజుకి ఏదో చేస్తున్నానంటూ నన్ను కారు దగ్గరికి రానివ్వలేదెందుకు?"

"ఎనిడ్ గారూ..."

"చెప్పు."

"ముందు బిగించింది బెతనే. నిజమే. స్విచ్చు పెట్టలేదు, అదీ నిజమే. తనకేం తెలుసు, పాపం. అక్టోబరులో లెనర్డ్ గారు ఓసారి చూడమని ఇక్కడికి తెచ్చారు. నేను మొత్తం ఊడదీసి, ఆ చోటే మళ్ళీ బిగించాను. వైరు, గొట్టం, క్లిప్పులు అన్నీ నావే. స్విచ్చు నేను పెట్టాల్సింది, పెట్టలేదు. ఆ పిల్ల బిగించినది ఆ కారులో ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు."

"ఒట్టు?"

"పోయిన మా ఆవిడ మీద ఒట్టు."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"తప్పు నాది. బెతన్‌ది కాదు."

"ఆఁ, అలా. అచ్చం అలాగే చెప్పు. సెప్టెంబరు అనకు, ఎడమవైపు అనకు. బెతన్ బయట కూర్చుని ఉంది. నాన్న తనవల్లే పోయాడని ఆరు వారాలుగా దానికి కంటిమీద కునుకు లేదు. లోపలికి పంపుతున్నాను. ఈసారి తడబడకు, ఆల్విన్."