మొదటి నలభై మైళ్లు

బయల్దేరిన నలభై మైళ్లకు, ట్రాయ్ ఊరు దాటాక, రోడ్డు పక్క రెస్ట్ ఏరియాలో పడకలు, వంటిల్లు ఉన్న వాళ్ల మోటార్‌హోమ్ ఆగింది. దాని వెనక కడ్డీతో కట్టగా, తన నాలుగు చక్రాల మీద దొర్లుతూ వచ్చిన ఎలక్ట్రిక్ ట్రక్ దగ్గరికి భార్యాభర్తలిద్దరూ నడిచారు.

"ట్రైలర్ మీదికి ఎక్కించి ఉంటే నాకీ టెన్షన్ ఉండేది కాదు. చక్రాలతోపాటు మోటార్ తిరిగితే వేడెక్కి పాడవుతుందని నువ్వేగా చెప్పావు?"

"ఇలా కట్టి లాగేటప్పుడు పెట్టే టో మోడ్‌లో మోటార్ తిరగదండీ. చక్రాల నుంచి విడిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది నేనే."

"ల్యాబ్‌లో, ట్రాక్ మీద టెస్ట్ చేశావు. ఇది మన సొంత బండి!"

"అందుకే కట్టాను. సోమవారం ఆ సాఫ్ట్‌వేర్ రిలీజ్‌కి సంతకం పెట్టాలి. మన బండికి వాడనిది జనాలకెలా ఇస్తాను?"

ఆమె ట్రక్ కిందికి వంగింది. మోటార్ కేసింగ్‌కి అరచేయి ఆనించింది. తర్వాత అతని చేయి కూడా లాగి అక్కడే పెట్టింది.

"చల్లగా ఉందే!"

"ఉంటుంది. ఇక మోటార్‌హోమ్ తాళాలు నాకివ్వండి. అద్దంలో ట్రక్‌నే చూస్తూ మీరు రోడ్డు చూడటం మానేశారు."