ప్రభుభోజనం వాసన

ఆదివారం సాయంత్రం బస్సు డ్రైవరు పోలీసు స్టేషన్ నుంచి ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది.

“కేసు రాసినారా?”

“లేదు. లైసెన్సు గూడా చేతికిచ్చినారు.”

“సారా కంపు కొడతా బస్సు తోలితే ఊరికే వదిలినారా? మద్యనిషేధం ఎత్తేసినారా ఏంది?”

“ఏసు గుడిలో ప్రభుభోజనం తీసుకొని వస్తున్నా, అది ద్రాక్షసారా వాసనని చెప్పినా.”

“మన గుడిలో పోసేది ఎండుద్రాక్ష నానేసిన నీళ్లు గదయ్యా! పసిబిడ్డలు గూడా తాగొచ్చే.”

“ఆ సంగతి హెడ్డు కానిస్టేబులుకేం తెలుసు?” అని అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“మరి నిషేధంలో సారా పోసినవాణ్ణి వదిలిపెడతారా?”

అతను చెప్పులు విప్పడానికి వంగాడు. దారి పొడుగునా తన గుండె తేలిగ్గా ఉందన్న సంగతి అప్పుడే అతనికి తెలిసింది.

“పాస్టరయ్యగారిని పిలిపించినారు.”

“నీళ్లేనని చెప్పుంటాడు.”

“నా మొహం చూసినాడు. ద్రాక్షసారాయే పోసినానన్నాడు. పర్మిట్ లేదని ఆయన మీద కేసు రాసినారు.”

“నువ్వేం చేసినావు?”

“లైసెన్సు తీసుకొని వచ్చేసినా.”