దొరసానికి రాసిన పంటి నొప్పి

అది కాదు వీరస్వామన్నా, ఆ దొరసానికి మా ఆయన పంటి నొప్పి ఎందుకు చెప్పు? సువా పట్నంలో పేపరుకు రాసే మనిషి ఆమె. కేసు సంగతి రాస్తే చాలదా?

మొన్న ఆమె పంపిన కాయితాల్లోంచి నువ్వే చదివి వినిపించావుగా. జైల్లో పాద్రీ చేత ఆమెకు ఉత్తరం రాయించాడట మా ఆయన. పన్ను సలుపుతోందట. ఇక్కడికొచ్చే ఓడలో వాళ్ళమ్మ కల్లోకి వచ్చి ఏడ్చిందట. మూడేళ్ళు ఒక్క కుండలో వండుకు తిన్నాం, నాతో ఒక్కనాడన్నా అన్నాడా ఈ ముక్క? నాకు చదువు రాదు, సరే. నీకు వచ్చుగా! నీ పేరున రెండు ముక్కలు రాయిస్తే నువ్వు నాకు చదివి పెట్టవూ?

ఆమేమో ఆయన్ని "మునియ్య గారూ" అట. ఈ చెరుకు తోటలో మనల్ని నంబరు పెట్టి పిలవడమేగాని, గారు అన్నవాళ్ళెవరు? ఆ ఒక్క మాటకే కరిగిపోయుంటాడు.

నవ్వకు. ఆమె మంచిదే, కాదనను. మా చేత పని చేయించే సర్దారు తల పగలగొట్టింది ఆయన కాదని నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. ఆ పొద్దున నాకు ఒళ్ళు తెలీని జ్వరం. ఆయన తోటకు పోనేలేదు, నా పక్కన కూచుని గంజి తాగించాడు. కోర్టులో నా తెలుగు ఎవడికి అర్థమైంది గనక? అందుకేగా ఆ మాటే రాసి, ఈ కన్నమ్మ వేలిముద్ర వేయించి పంపమంది. అది గడువులోగా చేరితే కేసు మళ్ళీ వింటారంది.

నేను వేయనన్నాను. గిర్మిట్టు మీద, ఆ కూలి ఒప్పందం మీద, ఒకసారి వేలు పెట్టి అయిదేళ్ళకు అమ్ముడుపోయాను, మళ్ళీ పెట్టనన్నాను. కూలి లైన్లలో అందరూ నిజమేలే అన్నారు. నువ్వూ బలవంతం చెయ్యలేదు. ఆలోచించుకోమని, రాసిన కాయితం నా చేతిలో పెట్టి పోయావు.

భయం కాదన్నా. కుళ్ళు. ఆయన బయటికొస్తే ఎవరి పుణ్యమా అని వచ్చినట్టు? ఆమె పుణ్యమా అని. బతికినన్నాళ్ళూ ఆమె పేరే తలుచుకుంటాడు, నేను గంజి పోస్తూ వినాలి. ఒళ్ళు మండిపోయింది. ఆ కాయితం పొయ్యిలో పెట్టేశాను.

రాత్రంతా నిద్ర లేదు. అందుకే ఇదిగో, తెల్లారగానే వచ్చాను. ఇంకో కాయితం తియ్యి. ఏ వేలు కావాలంటే ఆ వేలు వేస్తాను.

ఏంటలా చూస్తావు? కలం పక్కన పెట్టేశావేం?

గడువు శనివారంతోనే అయిపోయిందా...

అయితే ఆమెకేం రాయకు. ఆయనకు రాయి. కాల్చింది నేనేనని రాయి, ఏదీ దాచకు. పన్ను ఎలా ఉందో కూడా అడుగు.

ఒక్క ఉత్తరమన్నా నా పేరున పోనీ.