ఆస్మర్‌బీ ఇంటిపేరువాళ్ళు

బయట వాన. యార్క్‌షైర్‌లోని ఆస్మర్‌బీ అనే చిన్న ఊరి చర్చిలో, తండ్రి చితాభస్మం ఉన్న డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఎదురుగా ముసలి పాదిరి పిల్లల జ్ఞానస్నానాలు రాసిన పాత పుస్తకం తిరగేస్తున్నాడు.

"ఈ పేరుతో మూడు ఊళ్ళున్నాయండీ. మిగతా రెండూ తిరిగొచ్చాను. ఆస్మర్‌బీ అన్న మా ఇంటిపేరువాళ్ళు ఒక్కరూ లేరు."

"ఇక్కడా ఉండరమ్మా. ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? వదిలిపోయినవాడికే అది అంటుకుంటుంది."

"మనవాళ్ళ సమాధుల పక్కన పెట్టమని నాన్న ఒకటే అడిగాడు. మా ముత్తాత ఐజక్ ఆస్మర్‌బీ అనే ఊళ్ళోనే పుట్టాడట. ఇంకోసారి చూడండి."

"అరే, ఉన్నాడే! ఐజక్ ఆస్మర్‌బీ."

"హమ్మయ్య! అమ్మానాన్నలెవరు? వాళ్ళ సమాధులెక్కడ?"

"వద్దులెండి, అక్షరాలు చెరిగిపోయాయి."

"నాకు కనబడుతూనే ఉన్నాయి. చదవండి."

"'గుమ్మంలో బుట్టలో దొరికిన బిడ్డ' అని రాశారు. అలాంటి పిల్లలకి అప్పట్లో దొరికిన ఊరి పేరే ఇంటిపేరుగా పెట్టేవాళ్ళమ్మా."

"మరి మావాళ్ళు?"

"ఎవరికీ తెలీదు."

"ఆ గుమ్మం ఏది?"

"ఇందాక మీరు గొడుగు ఆనించారే, అదే."

"అయితే నాన్నని కాసేపు అక్కడ పెడతాను. వాన తగ్గాక తీసుకుపోతాను."