ఒక్క ఓటు

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చే బస్సులో నా ముందు సీట్లో ఇద్దరు అమ్మాయిలు కూర్చున్నారు. ఒకరిది నాలాగే సర్కారు బడి యూనిఫాం. ఇంకొకరి టై మీద క్లాస్ లీడర్ బ్యాడ్జి ఉంది.

“మీ బడిల లీడర్ ఎలక్షన్ అయిందానే?” అని బ్యాడ్జి అమ్మాయి అడిగింది.

“అయింది. నాకు పదిహేడు ఓట్లొచ్చినయి, ఒక్క ఓటుతోని ఓడిపోయిన. నాకు నేనే ఓటేసుకునుడు సిగ్గనిపించి, నా మీద నిలవడ్డ పిల్లకే ఏసిన.”

“పిచ్చిదానా. నేను బడి మారకుంటే నీకే ఏస్తుంటి.”

“మరి నీకెన్ని ఓట్లొచ్చినయే?”

“మా ప్రైవేటు బడిల ఓట్లుండయి. మార్కులు చూసి మేడమే పెట్టింది. ఓటు గురించి వ్యాసం రాస్తే ఫస్ట్ ప్రైజ్ గూడ ఇచ్చింది.”

“మంచిదే గదనే.”

“ఏం మంచి? నువ్వు కావాలని పదిహేడు మంది అన్నరు. నేను కావాలని ఒక్కలన్న అన్నరా?”